కంప్రెసర్ చెవికి దొరకాలంటే: ఇంట్లో పాటలు మిక్స్ చేసుకునేవాళ్ళకి

తిరుపతిలో ఇప్పుడు యాడ చూసినా ఒక బెడ్‌రూమ్ స్టూడియో ఉండాది. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, గోడకి నాలుగు ఫోమ్ ముక్కలు, ల్యాప్‌టాప్‌లో రీపరో ఎఫ్ఎల్ స్టూడియోనో, ఏదో ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, అంతే. సంగీత కళాశాల పిల్లలు కీర్తనలు పాడి యూట్యూబ్‌లో పెడతా ఉంటారు, భజన గ్రూపులోళ్ళు గోవింద నామాలు రికార్డ్ చేసుకుంటారు, మే నెలలో జాతర దగ్గరపడిందంటే గంగమ్మ పాటలు మొదలు. వీటిల్లో ఎక్కువగా వినపడే తంటా ఒకటుంది. పల్లవి కిందిస్థాయిలో ఏం పాడతా ఉన్నారో అర్థం కాదు, సరే అని సౌండ్ పెంచుకుంటాం, చరణంలో పైషడ్జం అందుకోగానే చెవులు గుయ్‌మంటాయి. కంప్రెసర్, అంటే గట్టి చప్పుడుని దానంతట అదే అణిచేది, పెడితే సరిపోతుందని అందరికీ తెలుసు, ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేస్తారు, 'వోకల్' అని రాసున్న ప్రీసెట్, అంటే ముందే చేసిపెట్టిన సెట్టింగ్, నొక్కుతారు, గట్టిగా వినపడతా ఉంది కదా బాగుందిలే అని వదిలేస్తారు.

రివర్బ్ (గది మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) పెడితే చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది, ఈక్యూలో హై, అంటే సన్నని శబ్దాలు, లేపితే తెలుస్తుంది. కంప్రెసర్ సరిగ్గా పెట్టినప్పుడు అది ఉన్నట్టే తెలీదు, తప్పుగా పెట్టినా కొత్త చెవికి తెలీదు, చిక్కంతా అక్కడే. అందుకే నేను సెట్టింగుల కంటే ముందు చెవి సంగతి చూడమంటా.

ముందు లెక్క ఒకటి చూసుకుందాం, ఒక్కసారి అర్థమైతే మళ్ళీ చూడక్కర్లేదు. డీబీ అంటే సౌండ్ కొలత, మీటర్‌లో సున్నా అంటే ఎర్రలైటు వెలిగే అంచు, దానికి ఎంత కింద ఉంటే అంత మైనస్. మీ పాటలో మెల్లగా పాడిన లైను పీకు (అన్నిటికన్నా గట్టి చోటు) మైనస్ 24 డీబీ దగ్గర, గట్టిగా పాడింది మైనస్ 6 దగ్గర ఉందనుకోండి. రెండిటికీ తేడా 18 డీబీ, అది చాలా ఎక్కువ. ఇప్పుడు థ్రెషోల్డ్, అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టే గీత, మైనస్ 18 దగ్గర పెట్టి రేషియో 3:1 ఇచ్చాం. మైనస్ 24 లైను థ్రెషోల్డ్ కిందే ఉంది కాబట్టి దాని జోలికి పోదు. మైనస్ 6 లైను థ్రెషోల్డ్ పైన 12 డీబీ ఉంది, 3:1 అంటే ఆ 12లో మూడో వంతే బయటికి వస్తుంది, అంటే 4. సో మైనస్ 18కి 4 పైన, మైనస్ 14. మీటర్‌లో గెయిన్ రిడక్షన్, అంటే ఎంత అణిచిందో అది, 8 అని చూపిస్తుంది. తేడా 18 నుంచి 10కి దిగింది. ఇంగ మేకప్ గెయిన్, అంటే అణిచినాక మొత్తాన్ని తిరిగి లేపేది, 8 ఇస్తే గట్టి లైను మళ్ళీ మైనస్ 6కి వస్తుంది, మెల్ల లైను మైనస్ 16కి లేస్తుంది.

ఇందులో చాలామంది పట్టించుకోనిది ఆ ఆఖరి మాట. కంప్రెసర్ మెల్లగా ఉన్నదాన్ని పెంచదు, గట్టిగా ఉన్నదాన్నే అణుస్తుంది, పెంచేది మేకప్ గెయిన్. అది పాటనొక్కదాన్నే పెంచదు కదా, మొత్తం పెంచుతుంది. వెనక ఫ్యాన్ చప్పుడు మైనస్ 60లో ఉంటే అది కూడా మైనస్ 52కి వచ్చి కూర్చుంటుంది. మన ఊరి ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి రూములో పాడమంటే పాడే మనిషి మనల్ని తిడతారు, నిజమే, అయినా టేక్ నడిచే నాలుగు నిమిషాలు ఆపాల్సిందే, టేక్‌కీ టేక్‌కీ మధ్య వేసుకోండి. కిటికీ బయట బస్సు హారన్లు, గుడి మైకు, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ కంప్రెసర్ అయినాక పైకి తేలతాయి, కాబట్టి కంప్రెషన్ రికార్డింగ్ టైమ్‌లోనే సగం మొదలైపోయినట్టు అనుకోండి. లెవెల్ మాత్రం భయం లేకుండా తగ్గించే పెట్టుకోండి, 24 బిట్‌లో (సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఉండే రికార్డింగ్ నాణ్యత అది) రికార్డ్ చేస్తా ఉంటే పీకులు మైనస్ 12 దగ్గర తగిలితే చాలు, ఎర్రలైటు అంచుదాకా పోయే పనే లేదు.

ఫోన్‌లో రికార్డ్ చేసేవాళ్ళకి ఒక మాట. చాలా ఫోన్ రికార్డర్ యాప్‌లలో ఆటో గెయిన్ దానంతట అదే పనిచేస్తా ఉంటుంది, అంటే మీరు ఏమీ పెట్టకముందే లోపల ఒక కంప్రెసర్ నడిచేసింది, దాని మీద ఇంకొకటి వేస్తే గాలి చప్పుడు తప్ప ఏం మిగలదు. సెట్టింగ్స్‌లో ఆపే దారి ఉంటే ఆపేయండి, లేకపోతే కంప్రెసర్ చాలా తక్కువగా వాడండి.

సరే ఇప్పుడు ప్రాక్టీస్. రీపర్ ఉంటే దాంట్లోనే రియాకాంప్ ఉంటుంది, 60 రోజులు ట్రయల్ వాడుకోవచ్చు, తర్వాత చిన్న యూజర్లకి లైసెన్స్ 60 డాలర్లు. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు విండోస్‌లో రియాప్లగ్స్ అని ఫ్రీగా దించుకుంటే ఆ రియాకాంపే వస్తుంది. టీడీఆర్ కోటెల్నికోవ్ అని ఇంకొకటి ఫ్రీ, అది కూడా చాలా శుభ్రమైన కంప్రెసర్. ఏదైనా పర్లేదు, బొమ్మ బాగుందని కొనకండి. ఆటో మేకప్ అని టిక్ ఉంటే ముందు అది తీసేయండి, ఎందుకో కింద చెప్తా.

ఒక మనిషి గొంతుతో 'గోవిందా' అని ఒక్క కేక రికార్డ్ చేసి లూప్‌లో పెట్టుకోండి, కొండ మెట్లెక్కేటప్పుడు అరిచే టైపులో, గట్టిగా. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మాట దొరకదు, ఎందుకంటే 'గో' దబ్బున తగులుతుంది, 'విం' కొంచెం తగ్గుతుంది, 'దా' సాగుతుంది. ఇప్పుడు కావాలనే అతి చేయాలి. రేషియో 10:1కి తోసేయండి, గెయిన్ రిడక్షన్ 15 దాటేదాకా థ్రెషోల్డ్ దించండి, అటాక్ అన్నిటికన్నా ఫాస్ట్, రిలీజ్ కూడా ఫాస్ట్. ఘోరంగా ఉంటుంది, ఉండాలి. పాటకి ఎవరూ ఇట్లా పెట్టరు, కానీ అతిగా ఉన్నప్పుడు వినపడింది చెవి గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత 3 డీబీ దగ్గర కూడా అదే వాసన పడుతుంది.

ఇప్పుడు అటాక్ ఒక్కటే ముట్టుకోండి, మిగతావి గమ్మున వదిలేయండి. అటాక్ అంటే సౌండ్ థ్రెషోల్డ్ దాటినాక కంప్రెసర్ ఎంత సేపట్లో పట్టుకుంటుందీ అని. 1 మిల్లీసెకన్ కంటే కింద ఉన్నప్పుడు 'గ' అంచు అరిగిపోయి 'ఓవిందా' అన్నట్టు మొద్దుగా వినపడుతుంది, మనిషి రెండడుగులు వెనక్కి జరిగినట్టు ఉంటుంది. మెల్లగా 5, 10, 20 అని పెంచతా పోండి, ఒక చోట 'గ' టక్కుమని మళ్ళీ ముందుకొస్తుంది. 30 దాటించి 50, 60కి తీసుకుపోతే 'గ' మరీ పొడుచుకొచ్చి మిగతా మాటంతా దాని వెనక నక్కినట్టు అవుతుంది. గొంతు ముందుకి రావాలా వెనక్కి పోవాలా అన్నది వాల్యూమ్‌తో పాటు ఈ నాబ్ చేతిలో కూడా ఉందని అప్పుడు తెలుస్తుంది.

అటాక్ 15 దగ్గర ఆపి, ఇంగ రిలీజ్. గట్టిది తగ్గినాక కంప్రెసర్ ఎంత సేపట్లో చెయ్యి తీసేస్తుందో అది. 20, 30 మిల్లీసెకన్లలో పెడితే 'గో' అయ్యీ అవ్వగానే వదిలేస్తుంది, 'దా' తోక ఉబ్బుతుంది, మాట ఆగిన మరుక్షణం రూమ్ చప్పుడు ఉఫ్‌మని పైకి లేస్తుంది, ఆ లేవడాన్నే పంపింగ్ అంటారు. మగ గొంతు కిందిస్థాయిలో అయితే ఇంకో రోగం కూడా ఉంటుంది, 100 హెర్ట్జ్ స్వరానికి ఒక్కో అల 10 మిల్లీసెకన్లే కాబట్టి మరీ ఫాస్ట్ రిలీజ్ ఒక్కో అల వెంట పరిగెత్తి గొంతుని గరగరమనిపిస్తుంది, అది మైకు తప్పు కాదు. అదే రిలీజ్ 600, 800కి పెంచితే 'గో' దగ్గర పట్టుకున్న పట్టు 'విం' వచ్చేదాకా వదల్లేదు, ఆ అక్షరం మింగేసినట్టు అవుతుంది, మీటర్ సున్నాకి రానే రాదు. 80 నుంచి 150 మధ్యలో యాడో ఒక చోట మాట మొత్తం ఒకే దూరంలో నిలబడుతుంది, అక్కడ ఆపండి.

ఇదంతా ఒక్క సాయంత్రం పని. తర్వాత అదే ఆటని మృదంగం లూప్ మీద, దప్పు లూప్ మీద ఆడండి.

తాళం ఉన్న పాటకి రిలీజ్ పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది, 60000ని టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో, భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 80 టెంపో కీర్తన అయితే 750, సగం 375, పావు 187. ఆ పావు దగ్గర మొదలుపెట్టి మీటర్ చూడండి, ముల్లు తాళంతో పాటు ఊగుతా ఉంటే సరిగ్గా ఉన్నట్టే, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకోకుండా కిందే పడుకుని ఉంటే రిలీజ్ ఎక్కువైందని. లెక్క మొదలుపెట్టడానికే, చివరికి చెవి చెప్పిందే పెట్టాలి.

ఇప్పుడు ఆటో మేకప్ ఎందుకు తీసేయమన్నానో చెప్తా, ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. ఒకే పాటని 1 డీబీ గట్టిగా వినిపించి ఏది బాగుంది అంటే ఎక్కువమంది గట్టిగా ఉన్నదే బాగుంది అంటారు, చెవి స్వభావం అంతే. కంప్రెసర్ ఆన్ చేయగానే మేకప్ వల్ల 4 డీబీ లేస్తే మీకు నచ్చింది కంప్రెషనా వాల్యూమా అన్నది దేవుడికే తెలియాలి. కాబట్టి మేకప్ చేత్తో ఇవ్వండి, బైపాస్ (ప్లగిన్‌ని తాత్కాలికంగా పక్కన పెట్టే బటన్) ఆన్ ఆఫ్ చేస్తా రెండూ ఒకేలా గట్టిగా వినపడేదాకా సర్దండి, తర్వాత కళ్ళు మూసుకుని బైపాస్ బటన్ పిచ్చిగా నొక్కేసి ఇప్పుడు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అని చెవితో కనిపెట్టండి. తేడా తెలీకపోతే ఆ కంప్రెసర్ ఉన్నా లేకపోయినా ఒకటే. తేడా తెలిసి, ఆఫ్‌లో ఉన్నదే నచ్చితే మొహమాటపడకుండా తీసి పారేయండి.

గొంతు మీద అసలు పని ఎట్లా చేయాలంటే, ప్లగిన్ వేసే ముందే లైను లైనుకీ ఆడియోని కోసి, క్లిప్ గెయిన్‌తో (ఆ ఒక్క ముక్క సౌండ్‌నే పెంచే, తగ్గించే సెట్టింగ్) మెల్లగా ఉన్నవి 3, 4 డీబీ లేపి, అరిచినవి దించండి. బోరు పనే, పావుగంట పడుతుంది, కానీ పైన లెక్కలో చూసిన 18 డీబీ తేడా ఇక్కడే 8కో 9కో దిగిపోతుంది, ఇంగ కంప్రెసర్ రక్తం కక్కుకోవాల్సిన పని ఉండదు. ఊపిరి పీల్చే చప్పుళ్ళు కూడా ఇప్పుడే 6 డీబీ దాకా తగ్గించండి, పూర్తిగా కోసేయద్దు, ఊపిరి లేని పాట రోబో పాడినట్టు ఉంటుంది. కచేరీలు చేసి అలవాటున్న గాయకులు తారస్థాయికి పోయేటప్పుడు వాళ్ళంతట వాళ్ళే మైకు నుంచి కొంచెం వెనక్కి జరుగుతారు, అట్లాంటోళ్ళ టేక్ వస్తే మీ పని సగం వాళ్ళే చేసేసినట్టు. ఇంట్లో పాడేవాళ్ళకి కూడా ఆ చిన్న అలవాటు చెప్పండి, ఏ ప్లగిన్ కన్నా మేలు.

అప్పుడు కంప్రెసర్. రేషియో 3:1, అటాక్ 10 నుంచి 15, రిలీజ్ 100 దగ్గర, గట్టి చోట్ల 3 నుంచి 5 డీబీ తగ్గేట్టు థ్రెషోల్డ్, ఇక్కడ మొదలుపెట్టండి. డిటెక్టర్‌కి, అంటే సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే భాగానికి, హైపాస్ ఫిల్టర్ (బరువైన కింది శబ్దాల్ని పట్టించుకోకుండా చేసేది) ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి, లేకపోతే 'ప', 'బ' అన్నప్పుడు మైకు మీద తగిలే గాలికి కంప్రెసర్ ఉలిక్కిపడి మాటని అణిచేస్తుంది. ఇంకా ఎక్కువ అదుపు కావాలంటే ఒక్కదానితో 10 డీబీ అణచకుండా రెండు పెట్టండి, మొదటిది ఫాస్ట్‌గా పీకుల్ని 2, 3 డీబీ కోస్తుంది, రెండోది మెల్లగా ఇంకో 3 డీబీ సర్దుతుంది.

ఈ రెండు కంప్రెసర్ల పద్ధతి పాత స్టూడియోల నుంచి వచ్చిందే. ఫాస్ట్‌ది 1176, 1967లో బిల్ పుట్నమ్ అనే అమెరికా సౌండ్ ఇంజినీర్ తెచ్చిన పెట్టె, ఎఫ్ఈటీ ట్రాన్సిస్టర్‌తో పనిచేస్తుంది, దాని అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు, అంటే దాంట్లో అన్నిటికన్నా స్లో అటాక్ కూడా ఒక్క మిల్లీసెకన్ కంటే తక్కువే. దాని నకలు ప్లగిన్లు వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి, నాబ్ కుడివైపు తిప్పితే ఫాస్ట్ అవుతుంది, మిగతావాటికి ఉల్టా. స్లోది ఎల్ఏ-2ఏ, అందులో సౌండ్‌ని బట్టి వెలిగే చిన్న లైటు ప్యానెల్, దాన్ని చూసే ఫోటోసెల్ ఉంటాయి, సగం పట్టు 60 మిల్లీసెకన్లలో వదిలేసి మిగతాది తీరిగ్గా సెకన్ల లెక్కన వదుల్తుంది, గొంతు మీద నున్నగా ఉండేది అందుకే. అనలాగ్ అబ్సెషన్ వాళ్ళ ఫెటిష్, లాలా అని రెండు ప్లగిన్లు ఇదే ధోరణిలో ఫ్రీగా దొరుకుతాయి. లక్షల ఖరీదు పెట్టెలు లేవని బాధపడే కాలం పోయింది లెండి.

కంప్రెసర్ అయినాక 'శ', 'స'లు చూసుకోవాలి. శ్రీనివాస, శేషాద్రి, సప్తగిరి, మన పాటల్లో ఈ అక్షరాలకి కొదవ లేదు, అచ్చులు అణిగి పోయి ఇవి మాత్రం ఈల వేసినట్టు ముందుకొస్తాయి. డీ-ఎస్సర్ అంటే ఆ 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే పనిచేసే కంప్రెసర్, దాన్ని తక్కువగా పెట్టండి, ఎక్కువైతే పాడేవాళ్ళకి నాలుక తిరగనట్టు వినపడుతుంది.

కీర్తనలు చేసేవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది తంబుర దగ్గర. గొంతు, శ్రుతి రెండూ ఒకే బస్ (కొన్ని ట్రాకుల్ని కలిపే ఉమ్మడి దారి) లోకి పంపి దాని మీద కంప్రెసర్ వేస్తారు, గొంతు లేచినప్పుడల్లా తంబుర కిందికి పోతుంది, పాట ఆగినప్పుడల్లా ఉబ్బుతుంది, ఎవరో శ్రుతిపెట్టె తలుపు తీసి మూస్తా ఉన్నట్టు ఉంటుంది. తంబురకి కంప్రెసర్ అక్కర్లేదు, అది ముందే సమంగా ఉంటుంది, దాన్ని వేరేగా నేరుగా మాస్టర్‌కి, అంటే అన్ని ట్రాకులూ కలిసే చివరి దారికి, పంపండి. నాదస్వరానికి కూడా దాదాపు అంతే. వేణువు, వయొలిన్ మీద 2 డీబీ దాటితే నాకైతే నచ్చదు, వాయించేవాళ్ళు చేత్తో ఊపిరితో చేసిన హెచ్చుతగ్గులే కదా అక్కడ సంగీతం. వీణ మాత్రం వేరే కథ, మీటు గట్టిగా పడి గమకం వెనక సన్నగా సాగుతుంది కాబట్టి 3:1, అటాక్ 20తో కొంచెం అణిస్తే ఆ సాగే భాగం దగ్గరికొచ్చి గమకాలు తేటగా వినపడతాయి.

మృదంగం ఒకే మైకుతో తీసినప్పుడు ఎడమవైపు గుంకీ, అంటే ఆ బరువైన మోత, కంప్రెసర్‌ని లాగేస్తుంది, దాని వల్ల కుడివైపు సన్నని దెబ్బలు కూడా అణిగిపోతాయి. డిటెక్టర్ హైపాస్‌ని 150 దాకా ఎక్కించి, అటాక్ 25, 30 పెడితే తీరుతుంది. జాతర పాటల్లో దప్పులకి మాత్రం ప్యారలల్ చేయండి, అంటే ఒరిజినల్ ట్రాక్ అట్లే ఉంచి, దాని కాపీని 10:1తో పిండేసి కింద నుంచి కొద్దికొద్దిగా కలపడం. దెబ్బ పదును ఒరిజినల్ నుంచి వస్తుంది, బరువు కాపీ నుంచి వస్తుంది. రియాకాంప్‌లో వెట్ (పిండినది), డ్రై (ఒరిజినల్) అని రెండు స్లైడర్లు ఉన్నాయి కాబట్టి కాపీ కూడా అక్కర్లేదు.

మాస్టర్ మీద తక్కువ చాలు. 2:1, అటాక్ 30, 1 నుంచి 2 డీబీ, దాని తర్వాత లిమిటర్, అంటే సౌండ్‌ని ఒక గీత దాటనివ్వనిది, ఆ గీత (సీలింగ్) మైనస్ 1. ఎంత గట్టిగా చేస్తే అంత బాగుంటుందని లిమిటర్‌లోకి తోసేవాళ్ళు చాలామంది ఉన్నారు, యూట్యూబ్, స్పాటిఫై రెండూ గట్టి పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి దించేస్తాయి, మీరు మైనస్ 8కి పిండి పెడితే వాళ్ళు 6 డీబీ దించి వినిపిస్తారు, మిగిలేది నలిగిపోయిన పాట. కీర్తనకి మైనస్ 16, 15 దగ్గర ఉన్నా నాకు సమ్మతమే, యూట్యూబ్ చిన్నగా ఉన్నదాన్ని పెంచదు కాబట్టి అంతకన్నా కిందికి పోకుంటే చాలు. జాతర పాట మైనస్ 10 ఉన్నా ఎవరూ అడగరు.

రెండర్ కొట్టే, అంటే ఫైనల్ ఫైల్ తీసే, ముందు ఫోన్ స్పీకర్‌లో, వాల్యూమ్ బాగా తగ్గించి, పక్కన ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిప్పి వినండి. జనం వినేది అట్లాగే. ఏ మాటలు మాయమవుతా ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. ప్రతి లైనులోనూ పోతా ఉంటే థ్రెషోల్డ్ ఇంకో 2 డీబీ దించాలి. అన్నీ వినపడతా ఉన్నాయి గానీ పాట చప్పగా, పల్లవికీ చరణానికీ తేడా లేకుండా ఉందంటే ఎక్కువైనట్టు, వెనక్కి తగ్గండి. ఎక్కడో రెండు మూడు మాటలే పోతా ఉంటే కంప్రెసర్‌ని ముట్టుకోవద్దు, ఆ మాటల్నే క్లిప్ గెయిన్‌లో 2 డీబీ లేపి రెండర్ కొట్టేయండి.